శ్లీపదం – రాత్రి నెత్తురు

‘నిదానం’ అనే మాటను నేడు మనం తొందరలేమి అనే అర్థంలో వాడుతున్నాము గాని, సంస్కృతంలో దానికి మూలకారణమని అర్థం. రోగమేదో, అది దేనివలన కలిగిందో నిశ్చయించడమే రోగనిదానం. మాధవకరుని ‘మాధవనిదానం’ ఇందుకు అయిదు ఆధారాలు చెప్పింది. నిదానం అంటే కారణం. పూర్వరూపం అంటే ముందుగా పొడసూపే గుర్తులు. రూపం అంటే వ్యక్తమైన లక్షణాలు. ఉపశయం అంటే ఏ ఔషధాహారాలకు రోగం శమిస్తున్నదో పరిశీలించడం. సంప్రాప్తి అంటే రోగం దేహంలో ఏ క్రమాన పెరిగిందో గ్రహించడం. వీటిలో సామాన్యుని కంటికి ఆనేది రూపం ఒక్కటే. కేవలం రూపాన్ని నమ్ముకుంటే ఎంతగా పొరబడతామో తెలుసుకోవడానికి మా గోదావరి సీమలోని బోదకాలు కన్నా తగిన ఉదాహరణ నాకు తోచదు.

బోదకాలునే ప్రాచీనులు శ్లీపదమన్నారు. పాతనీరు నిలువ ఉండి, అన్ని ఋతువులలోను చల్లగా ఉండే దేశాలలో ఇది విశేషంగా పుడుతుందని సుశ్రుత సంహిత నిదానస్థానం చెబుతున్నది. చదువుతుంటే ఎవరో మన లంకలనూ, మురుగు కోడులనూ చూసి వ్రాసినట్లే ఉంటుంది. ఏడాది దాటినదీ, మిక్కిలి పెరిగినదీ, పుట్టవలె బొడిపెలు కట్టినదీ అసాధ్యమని కూడా అందులో ఉన్నది. నీటికీ రోగానికీ సంబంధమున్నదని వారు పసిగట్టారు. ఆ రెంటినీ కలిపే దోమ మాత్రం వారి దృష్టికి రాలేదు.

ఆ ముడి విడివడింది పందొమ్మిదవ శతాబ్దంలోనే. 1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్ మనిషి నెత్తుటిలో సన్నని క్రిమి శిశువులను చూశాడు. 1877లో చైనాలోని అమోయ్ రేవులో పాట్రిక్ మాన్సన్ అవి దోమ కడుపులో ఎదగడం కనుగొన్నాడు. అవి పగలు ఊపిరితిత్తుల రక్తనాళాలలో దాగి ఉండి, రాత్రివేళ చర్మం దగ్గరి నెత్తుటిలోకి వస్తాయన్న సంగతీ ఆయన పరిశీలనల వల్లనే లోకానికి తెలిసింది. మురుగులో పుట్టే క్యూలెక్స్ దోమ కుట్టేదీ రాత్రిపూటే కదా! కనుక పగలు తీసిన నెత్తుటిలో ఏమీ లేకపోయినంత మాత్రాన రోగం లేదని చెప్పడానికి వీలులేదు.

భారత ప్రభుత్వం 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం ప్రారంభించింది. గోదావరికి ఆవలి ఒడ్డున రాజమండ్రిలో శిక్షణ, పరిశోధన కేంద్రం వెలసింది. నాడు పశ్చిమగోదావరి జిల్లాలోను, 2022 నుంచి తూర్పుగోదావరిలోను ఉన్న మా కొవ్వూరులో, నా చిన్నతనాన ఫైలేరియా వారు రాత్రి భోజనాల వేళ దాటాక గాజుపలకలు పట్టుకుని ఇంటింటికీ వచ్చేవారు. వేలికొన పొడిచి ఒక్క బొట్టు, అంటే సుమారు 20 ఘనపు మిల్లీమీటర్ల నెత్తురు, పలక మీద పరిచేవారు. అది ఆరాక నీటితో ఎరుపు కడిగివేసి, రంగు పట్టించి, సూక్ష్మదర్శిని క్రింద క్రిములను లెక్కించడం పరీక్ష. నిద్రలేపినందుకు విసుక్కునేవారే ఎక్కువ. “కాలు వాచినవాళ్ళ దగ్గరకు వెళ్ళండి బాబూ, మాకేం రోగం?” అనేవారు.

అసలు చిక్కు ఆ ప్రశ్నలోనే ఉన్నది. కాలు స్తంభంలా వాచిన వృద్ధుని నెత్తుటిలో చాలామారులు ఒక్క క్రిమి కూడా కనబడదు. ఏ వాపూ, ఏ నొప్పీ లేక పొలంపని చేసుకునే పాతికేళ్ళ యువకుని నెత్తుటిలో అవి వందలుగా ఉండవచ్చు. అతనిని కుట్టిన దోమే పక్కింటికి రోగాన్ని మోసుకుపోతుంది. అంటే, ఊరంతా వేలెత్తి చూపే వ్యక్తి వలన సాధారణంగా ఎవరికీ ప్రమాదం లేదు. వేలెత్తి చూపేవారిలో ఒకరి వలన ఉండవచ్చు. బోదకాలున్న ఇంటితో వియ్యమందడానికి జంకిన కుటుంబాలను నేనెరుగుదును. ఆ జంకు ఎంత అన్యాయమైనదో ఈ ఒక్క విషయం తెలిస్తే చాలు.

అలాగని పరీక్షనే నమ్ముకుంటామా? అదీ చాలదు. వాచిన కాలికి పరీక్షలో ‘లేదు’ అని వస్తే వైద్యుడు రోగి కథ వినాలి. చలిజ్వరం ఎన్నిమార్లు వచ్చింది, గజ్జల్లో బిళ్ళ కట్టిందా, కాలు ఎర్రబడి మండిందా అని అడగాలి. మాధవకరుడు చెప్పిన సంప్రాప్తి ఇదే.

ఔషధం విషయానికి వస్తే మనసు ఉప్పొంగుతుంది. భీమవరంలో 1895లో జన్మించి, రాజమండ్రిలో కొంత చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో 1925లో ఫిస్కేతో కలిసి నెత్తుటిలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి వెలువరించారు. పరీక్షాశాలలకు అది దశాబ్దాల పాటు ఆధారమైంది. తరువాత లెడర్లీ సంస్థలో ఆయన నడిపిన బృందమే డైఇథైల్ కార్బమజీన్‌ను ఫైలేరియాకు మందుగా 1947లో లోకానికి అందించింది. మరుసటి ఏడే ఆయన కన్నుమూశారు. మన డెల్టా వ్యాధికి మందు మన డెల్టా బిడ్డ చేతి మీదుగా రావడం చిత్రమే!

ఆ మందు నెత్తుటిలోని క్రిములను చంపుతుంది గాని ఏళ్ళ తరబడి వాచిన కాలును తిరిగి సన్నగా చేయలేదు. అందువలన అది ముఖ్యంగా అవసరమైనది లక్షణాలు లేనివానికే. ఈ కారణంచేతనే 2004 నుంచి ఫైలేరియా జిల్లాలలో రెండేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్ర రోగులకు తప్ప అందరికీ ఏటా మాత్రలు పంచసాగారు. మింగినవారిలో కొందరికి జ్వరమూ తలనొప్పీ వస్తే “మందే విషం” అన్నారు. నిజానికి చచ్చిన క్రిములకు దేహం చూపే ప్రతిక్రియే తరచుగా ఆ జ్వరం. ఉపశయమనే ఆధారం ఇక్కడ తలక్రిందులుగా పనిచేసిందన్నమాట. మాత్రకు జ్వరం రావడమే, లోపల క్రిములున్నవేమోనని అనుమానించడానికి ఒక సూచన.

ఇప్పుడు పగలే చేయదగిన కార్డు పరీక్షలు వచ్చాయి. నెత్తుటిలో పెద్ద క్రిమి విడిచే పదార్థాన్ని అవి పట్టుకుంటాయి. ఇక కాలు వాచినవారు రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు తడిలేకుండా తుడిచి, పడుకున్నప్పుడు కాలు ఎత్తున పెట్టుకుంటే జ్వరపు దాడులు తగ్గుతాయి. ఇంట్లో అటువంటి పెద్దవారుంటే ఈ సేవ చేయండి, దగ్గర కూర్చోండి. ఆ కాలు ఎవరికీ అంటదు.