ఆ బంతి అందుకున్నవాడు

1972 సెప్టెంబరు 9. మ్యూనిక్‌లో రాత్రి పదకొండు ముక్కాలు. ఊరు పడుకునే వేళకు ఒలింపిక్ బాస్కెట్‌బాల్ ఫైనల్ మొదలైంది. అమెరికాలో జనం టీవీల ముందు కూర్చునే వేళకు కుదరాలని పెట్టిన ముహూర్తం అది. నాలుగు రోజుల కిందటే క్రీడాగ్రామంలోకి సాయుధులు చొరబడ్డారు. ఆ దాడిలో పదకొండు మంది ఇజ్రాయెల్ క్రీడాకారులు, శిక్షకులు చనిపోయారు. పోటీలు ఆగి, మళ్లీ మొదలయ్యాయి. ఆటగాళ్లకు, చూసేవాళ్లకు కూడా గుండెలో ఆ బరువు ఇంకా దిగలేదు.

ఒకవైపు అమెరికా. 1936లో బాస్కెట్‌బాల్ ఒలింపిక్స్‌లోకి వచ్చినప్పటి నుంచి ఆ జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. వరసగా 63 గెలుపులు, ఏడు స్వర్ణాలు. రెండోవైపు సోవియట్ యూనియన్. రష్యన్లు, జార్జియన్లు, ఒక లిథువేనియన్, ఒక బేలారస్ కుర్రాడు, మధ్య ఆసియా నుంచి వచ్చిన మరొకడు. వాళ్లందరినీ ఒక్క మాట మీద నడిపిస్తున్న కోచ్ పేరు వ్లదీమిర్ కొండ్రాషిన్. లెనిన్‌గ్రాద్ మనిషి.

సగం ఆట అయ్యేసరికి సోవియట్ జట్టు 26-21తో ముందుంది. ఆ రాత్రి సోవియట్ తరఫున ఎక్కువ పాయింట్లు తెచ్చింది సెర్గేయ్ బెలోవ్, 20 పాయింట్లు. ఈ కథ ఆయనది కాదు. అదే ఇంటిపేరున్న మరో బెలోవ్ ఆ జట్టులో ఉన్నాడు. 14వ నంబరు చొక్కా, రెండు మీటర్ల ఎత్తు, ఇరవయ్యేళ్ల వయసు. ఇద్దరికీ చుట్టరికమేమీ లేదు. కుర్రాడి పేరు అలెగ్జాండర్. ఇంట్లోవాళ్లకూ స్నేహితులకూ సాషా.

చివర్లో అమెరికన్లు తరుముకొచ్చారు. పది పాయింట్ల తేడా కరిగి కరిగి ఒకటికి వచ్చింది. 49-48. ఇంకా కొన్ని సెకన్లే ఉన్నాయి, బంతి సోవియట్ వాళ్ల చేతిలోనే ఉంది. సాషా బాస్కెట్ కిందికి దూసుకెళ్లి షాట్ కొట్టబోయాడు. అమెరికా ఆటగాడు టామ్ మెక్‌మిలన్ చెయ్యి అడ్డం పెట్టాడు. బంతి తిరిగి సాషా దగ్గరికే వచ్చింది. దాన్ని రెండు చేతులా బిగించి పట్టుకుని నిలబడితే చాలు. వాళ్లు వచ్చి ఫౌల్ చేసేవాళ్లు, లేదా సమయం అయిపోయేది. కానీ బేస్‌లైన్ దగ్గర ఇరుక్కున్న కుర్రాడు బంతిని కోర్టు మధ్యలో ఉన్న సహచరుడు సకందెలిద్జే వైపు విసిరేశాడు.

మధ్యలో అమెరికా ఆటగాడు డగ్ కాలిన్స్ ఉన్నాడు. బంతిని లాక్కుని పరుగెత్తాడు. వెంటపడిన సకందెలిద్జే ఢీకొట్టేసరికి కాలిన్స్ బాస్కెట్ స్తంభం కింద పడ్డాడు. లేచాడు, నడవగలిగాడు. రెండు ఫ్రీ త్రోలూ వేశాడు. 50-49. ఆ రాత్రి మొత్తంలో అమెరికా ముందుకు రావడం అదే మొదటిసారి. గడియారంలో మిగిలింది మూడు సెకన్లు.

ఒలింపిక్ స్వర్ణాన్ని చేజార్చినవాడు ఎవరంటే అప్పుడు హాల్లో ఉన్న ప్రతి ఒక్కరూ చూపించగలిగేది ఒక్కడినే.

తర్వాత జరిగినదాని మీద ఇప్పటికీ వాదనలు నడుస్తున్నాయి. రెండో ఫ్రీ త్రో సమయంలోనే స్కోరర్ల బల్ల నుంచి హారన్ మోగింది. టైమ్ అవుట్ అడిగినా ఇవ్వలేదని సోవియట్ శిక్షకులు బల్ల మీదికి వెళ్లారు. ఈలోగా బంతి కోర్టులోకి వచ్చింది, గందరగోళం చూసి రెఫరీ ఆట ఆపాడు. అప్పటికి ఒక సెకను మిగిలింది. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ప్రధాన కార్యదర్శి విలియం జోన్స్ తన సీట్లోంచి దిగి వచ్చి మూడు వేళ్లు ఎత్తి చూపించాడు. మూడు సెకన్లూ వెనక్కి పెట్టమని. నిజానికి ఆట నడుస్తుండగా జోక్యం చేసుకునే అధికారం ఆయనకు లేదు. మళ్లీ బంతి వేశారు. గడియారం ఇంకా సరిచేస్తుండగానే ఆట మొదలైంది, హారన్ మోగింది. గెలిచామనుకుని అమెరికన్లు కోర్టు మీద గంతులేశారు. వాళ్లను ఆపి, గడియారం సరిచేసి, మూడోసారి ఆడించారు.

అమెరికన్ల కోపానికి కారణం ఉంది. నిర్వాహకుల చేతకానితనం వల్ల ఒకే ముగింపును మూడుసార్లు ఆడాల్సి వచ్చింది. ఆ నేరం బల్ల దగ్గర కూర్చున్నవాళ్లది. కానీ మూడోసారి కోర్టు మీద జరిగింది మాత్రం అచ్చంగా ఆటే.

మొదటి ప్రయత్నం విఫలమయ్యాక కొండ్రాషిన్ ఒక మార్పు చేశాడు. ఇవాన్ ఎదెష్కోను లోపలికి పంపాడు. బేలారస్ కుర్రాడు, దూరపు పాస్ వేయడంలో దిట్ట. కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకు బంతి వెయ్యాలి. ఎవరికి? సెర్గేయ్ బెలోవ్ ఉన్నాడు, కెప్టెన్ పాలౌస్కస్ ఉన్నాడు, ఇద్దరూ పండిన ఆటగాళ్లు. కొండ్రాషిన్ ఎంచుకున్నది సాషాను. కాసేపటి కిందట బంతి పోగొట్టుకున్న అదే కుర్రాణ్ణి.

ఎదెష్కో బేస్‌లైన్ వెనక నిలబడ్డాడు. ఎదురుగా ఆరడుగుల పదకొండు అంగుళాల మెక్‌మిలన్ చేతులు ఊపుతున్నాడు. బల్గేరియా రెఫరీ సైగ చూసి మెక్‌మిలన్ వెనక్కి జరిగాడు. దారి తెరుచుకుంది. ఎదెష్కో చెయ్యి వెనక్కి లాగి బంతిని విసిరాడు. కోర్టు నిడివంతా గాల్లో ప్రయాణించి అది అవతలి బాస్కెట్ దగ్గరికి చేరింది. అక్కడ ముగ్గురు ఒకేసారి ఎగిరారు. ఒక పక్క కెవిన్ జాయిస్, ఇంకో పక్క జిమ్ ఫోర్బ్స్, మధ్యలో సాషా. బంతి సాషా వేళ్లకు చిక్కింది. జాయిస్ ఆ ఊపులో కోర్టు బయటికి వెళ్లిపోయాడు. ఫోర్బ్స్ తూలి కింద పడ్డాడు. నేల మీదికి దిగిన సాషా ముందు ఇక ఎవరూ లేరు. రెప్పపాటు ఆగి, తిరిగి, బంతిని బోర్డుకు ఆనించి లోపల వేశాడు. 51-50.

రెండు చేతులూ పైకెత్తి అవతలి చివరకు పరుగెత్తాడు. సహచరులు మీద పడి కప్పేశారు.

అమెరికా ఫిర్యాదు చేసింది. అయిదుగురు సభ్యుల జ్యూరీ 3-2తో దాన్ని తోసిపుచ్చింది. క్యూబా, హంగరీ, పోలెండ్ ఒకవైపు, ఇటలీ, ప్యూర్టోరికో మరోవైపు. బ్రెజిల్ రెఫరీ రిగెట్టో స్కోరు పత్రం మీద సంతకం పెట్టనన్నాడు. అమెరికన్లు పతకాల వేదిక దగ్గరికే రాలేదు. ఆ జట్టులోని కెనీ డేవిస్ తన తదనంతరం కూడా కుటుంబంలో ఎవరూ ఆ రజతాన్ని తీసుకోకూడదని వీలునామా రాశాడు.

ఇంతవరకు లోకానికి తెలిసిందే. ఎన్ని పుస్తకాలు వచ్చినా, ఎన్ని డాక్యుమెంటరీలు వచ్చినా అమెరికన్లకు జరిగిన అన్యాయం దగ్గరో, సోవియట్ గెలుపు గొప్పతనం దగ్గరో ఆగిపోతాయి. బంతి అందుకున్నవాడు తర్వాత ఏమయ్యాడని అడిగేవాళ్లు తక్కువ.

సాషా 1951 నవంబరు 9న లెనిన్‌గ్రాద్‌లో పుట్టాడు. 1941 నుంచి 1944 వరకు నాజీల ముట్టడిలో లక్షల మందిని ఆకలికి పోగొట్టుకున్న నగరం అది. యుద్ధం ముగిసి ఆరేళ్లయినా ఆ గాయాలు మానని ఇళ్ల మధ్య పెరిగిన తరం వాళ్లది. బడిలో చదువుకుంటున్న పొడుగు కుర్రాణ్ణి కొండ్రాషిన్ చూసి తన దగ్గర చేర్చుకున్నాడు. అప్పటి నుంచి గురువు, తండ్రి ఆయనే అన్నట్టు గడిచింది. పదిహేడేళ్లకే, 1969లో, సోవియట్ జట్టుతో యూరప్ చాంపియన్ అయ్యాడు. 1971లో మళ్లీ.

రెండు మీటర్లంటే బాస్కెట్ కింద ఆడేవాళ్లకు పెద్ద ఎత్తేమీ కాదు. తనకంటే అరచేయి పొడుగున్నవాళ్లతో సాషా రోజూ తలపడేవాడు. బంతి ఎక్కడ పడుతుందో ముందే పసిగట్టి అక్కడుండటం అతని విద్య. రీబౌండ్ తీసుకోవడం ఎంత వచ్చో, మరొకరికి అందించడమూ అంతే వచ్చు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో కెనడాపై 23 పాయింట్లు, 14 రీబౌండ్లు, 10 అసిస్టులు చేశాడు. ఒలింపిక్ బాస్కెట్‌బాల్‌లో నమోదైన తొలి ట్రిపుల్ డబుల్‌గా దాన్ని చెబుతారు.

మాస్కో క్లబ్బులు రమ్మన్నాయి. ఆ రోజుల్లో రాజధానికి, ముఖ్యంగా సైన్యం క్లబ్బు సీఎస్‌కేఏకి వెళ్లడమంటే హోదా, సౌకర్యాలు. సాషా కదల్లేదు. లెనిన్‌గ్రాద్ స్పార్టాక్‌లో, కొండ్రాషిన్ దగ్గరే ఉన్నాడు. ఆ జట్టు 1973లో, 1975లో యూరప్ కప్ విజేతల కప్పు గెలిచింది. 1975లో సీఎస్‌కేఏని దాటి దేశ చాంపియన్ కూడా అయింది. మధ్యలో 1974లో ప్యూర్టోరికోలో సోవియట్ జట్టుతో ప్రపంచ చాంపియన్‌షిప్.

1975లోనే న్యూ ఆర్లీన్స్ జాజ్ క్లబ్బు ఎన్‌బీఏ డ్రాఫ్టులో అతని పేరు పిలిచింది. పదో రౌండులో. వెళ్లే దారి లేదు. కాగితం మీద సోవియట్ దేశంలో ప్రొఫెషనల్ ఆటగాళ్లే లేరు. అందరూ అమెచ్యూర్లే. పొద్దున్న లేస్తే ఆట, రాత్రి పడుకునేదాకా ఆట, నెల తిరిగితే ప్రభుత్వం ఇచ్చే భృతి. సంపాదన, బిరుదు, విదేశీ ప్రయాణం, అన్నీ ఒకే చేతిలో ఉన్నాయి. ఇచ్చిన చెయ్యి తీసుకుంటే ఆటగాడికి మిగిలేది ఏమీ ఉండదు.

1977 జనవరిలో ఆ చెయ్యి తీసుకుంది.

స్పార్టాక్ జట్టు యూరప్ కప్పు మ్యాచ్ కోసం ఇటలీకి బయల్దేరింది. లెనిన్‌గ్రాద్ విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారులు సాషా సంచి తెరిపించారు. అందులో ఐకాన్లు దొరికాయి. చెక్క పలకల మీద గీసిన పాతకాలపు క్రైస్తవ దైవచిత్రాలు. దేశం దాటించడం నేరం. అప్పట్లో విదేశాలకు వెళ్లే సోవియట్ ఆటగాళ్లు ఏదో ఒకటి పట్టుకెళ్లి అమ్ముకుని, అక్కడి నుంచి జీన్స్‌లాంటి వస్తువులు తెచ్చుకోవడం అందరికీ తెలిసిన రహస్యమే. చూసీ చూడనట్టు వదిలేసేవారు. ఆ రోజు వదల్లేదు. ఎవరో ముందుగా ఉప్పందించారని అతని తోటివాళ్లు చాలామంది నమ్మారు. ఆ ఐకాన్లు ఎవరివంటే మాత్రం సాషా ఇంకొకరి పేరు చెప్పలేదు.

జాతీయ జట్టు నుంచి తీసేశారు. స్పార్టాక్‌లో ఆడనివ్వలేదు. గౌరవ బిరుదు లాగేసుకున్నారు, భృతి ఆపేశారు. ఇరవై అయిదేళ్ల ఒలింపిక్ చాంపియన్‌కు ఉన్నట్టుండి ఆడుకోవడానికి కోర్టు లేకుండా పోయింది. తప్పు అతనిదే అనుకున్నా, ఆ శిక్ష తప్పుకు తగినది కాదు. ఆటగాడి ఆయుష్షు పదిహేనేళ్లు ఉంటే గొప్ప. అందులోంచి ఏడాదిన్నర కోసి పారేయడానికి ఒక సంచి సరిపోయింది.

ఆ ఏడాదే పెళ్లి చేసుకున్నాడు. భార్య అలెగ్జాండ్రా ఒవ్చిన్నికోవా, ఆమె కూడా సాషాయే. మాంట్రియల్‌లో స్వర్ణం గెలిచిన సోవియట్ మహిళల బాస్కెట్‌బాల్ జట్టు సభ్యురాలు.

1978 ఆగస్టులో పిలుపు వచ్చింది. మనీలాలో జరగబోయే ప్రపంచ చాంపియన్‌షిప్‌కు సన్నాహక శిబిరానికి రమ్మని. సాషా వెళ్లాడు. కానీ ఒళ్లు సహకరించలేదు. శిబిరం నుంచి ఆస్పత్రికి చేరాడు. చివరికి తేలింది గుండెకు పట్టిన సార్కోమా, కేన్సర్లలోనే అరుదైనది. అప్పటికి చేయగలిగింది ఏమీ లేదు.

1978 అక్టోబరు 3న లెనిన్‌గ్రాద్‌లో చనిపోయాడు. ఇరవై ఏడో పుట్టినరోజుకు ఇంకా నెల పైచిలుకు ఉంది. అతను ఉండాల్సిన జట్టు ఆ సమయానికి మనీలాలో ఆడుతోంది. ఫైనల్లో యుగోస్లావియా చేతిలో ఒక్క పాయింటు తేడాతో ఓడింది.

లెనిన్‌గ్రాద్ ఉత్తర శ్మశానవాటికలో అతణ్ణి పూడ్చిపెట్టారు. 1999 డిసెంబరులో కొండ్రాషిన్ పోయినప్పుడు ఆయన్నూ అక్కడే, శిష్యుడి పక్కనే ఖననం చేశారు. 2007లో అంతర్జాతీయ సమాఖ్య సాషాకు తన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చింది.

2017 చివర్లో రష్యాలో మ్యూనిక్ ఫైనల్ మీద 'ద్విజేనియే వ్వెర్ఖ్' అనే సినిమా వచ్చి కాసుల వర్షం కురిపించింది. అందులో సాషా మ్యూనిక్‌లోనే ప్రాణాంతక వ్యాధితో బాధపడుతూ ఆడినట్టు చూపించారు. ఆ జబ్బు తెలిసింది ఆరేళ్ల తర్వాత. సాషా భార్య, కొండ్రాషిన్ భార్య ఆ సినిమాకు అభ్యంతరం చెప్పి కోర్టుకెళ్లారు. వాళ్లిద్దరి పక్షానే న్యాయం ఉందని నేననుకుంటాను. ఆ రాత్రి కోర్టు మీద ఉన్నది చావుకు దగ్గరైన రోగి కాదు. పొరపాటు చేసి, వెంటనే దాన్ని దిద్దుకోగలిగిన ఆరోగ్యవంతుడైన ఇరవయ్యేళ్ల కుర్రాడు. అంతకంటే గొప్ప కథ దానికి అతికించనక్కర్లేదు.

ఆ మ్యాచ్ అసలు వీడియో ఇప్పటికీ దొరుకుతుంది. చూడాలనుకుంటే మూడు సెకన్ల దగ్గర మొదలుపెట్టకండి. కాస్త ముందు నుంచి, సాషా చేతిలోంచి బంతి పోయిన చోటు నుంచి చూడండి. ఆ తర్వాత అతని వైపే బంతి వెయ్యమన్న కోచ్ ఎలాంటివాడో మీకే తెలుస్తుంది.