గిటారు వెదకిన గమకం

పుదుచ్చేరి పట్టణం నుంచి పడమరగా విల్లియనూరు వైపు సాగే దారిలో ఉన్న పేట మూలకుళం. ఆ దారినే ఇంకా ముందుకు పోతే విల్లియనూరు తిరుకామేశ్వరస్వామి ఆలయం వస్తుంది. ఫ్రెంచి పరిపాలనా కాలంలో ఆ ఆలయ రథోత్సవానికి గవర్నరే స్వయంగా వచ్చి తేరు మోకు పట్టి లాగే ఆచారం ఉండేది. తరువాతి పాలకులు కూడా దానిని విడిచిపెట్టలేదు. మూలకుళం నుంచి తూర్పుగా సముద్రం వైపు నడిస్తే శ్రీ అరవిందాశ్రమం, ఫ్రెంచి వీధులు ఎదురవుతాయి. ఫ్రాన్సు దేశంలో 1982లో ఆరంభమై ఏటా జూన్ 21వ తేదీన జరిగే సంగీత దినోత్సవం పుదుచ్చేరికి కూడా వచ్చింది. ఒక వంక నాగస్వరం, వేరొక వంక గిటారు. ఈ రెండింటికీ చుట్టరికం లేదనుకోవడం సహజమే. కాని గడచిన శతాబ్ది ఉత్తరార్ధపు సంగీత చరిత్రను నిదానంగా పరిశీలిస్తే, పుదుచ్చేరిలో మొదలైన ఒక సూత్రం న్యూయార్కు చేరి, అక్కడ ఒక రాక్ గిటారు విద్వాంసుని తాకి, చివరకు గోదావరి డెల్టాలోని ఒక తెలుగు బాలుని వాద్యంతో ముడిపడిన వైనం కనిపిస్తుంది.

ఆ సూత్రానికి మొదటి కొస చిన్మయ్ కుమార్ ఘోష్. ఆయన 1931లో అవిభక్త వంగదేశంలోని చిట్టగాంగు ప్రాంతంలో జన్మించారు. బాల్యంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకొని, 1944లో పుదుచ్చేరి శ్రీ అరవిందాశ్రమం చేరారు. అక్కడ ఇరవై సంవత్సరాల పాటు ధ్యానం, వ్యాయామ క్రీడలు, రచన, ఆశ్రమ సేవ సాగించి, 1964లో న్యూయార్కు వెళ్లారు. శ్రీ చిన్మయ్ అనే పేర అక్కడ ఆయనకు ఏర్పడిన శిష్యబృందంలో ఇద్దరు గిటారు వాద్యకారులు ఉండడమే ఈ కథకు మూలం. మొదటివాడు ఇంగ్లండులోని యార్క్‌షైరు ప్రాంతంలో 1942లో పుట్టిన జాన్ మెక్‌లాఫ్లిన్. రెండవవాడు మెక్సికోలో పుట్టి అమెరికాలో పేరు గడించిన కార్లోస్ సాంటానా. గురువు మొదటివానికి మహావిష్ణు అనీ, రెండవవానికి దేవదీప్ అనీ పేర్లు పెట్టారు. వారిద్దరూ కలిసి 1973లో వెలువరించిన రికార్డు పేరును తెలుగు చేస్తే ప్రేమ, భక్తి, శరణాగతి అవుతుంది. పుదుచ్చేరి ఆశ్రమ సాహిత్యం కొద్దిగానైనా చదివినవారికి ఆ మూడవ మాట ఎక్కడిదో వేరుగా చెప్పనక్కరలేదు.

మెక్‌లాఫ్లిన్ సామాన్యుడు కాడు. లండనులో 1960ల నాటి రిథమ్ అండ్ బ్లూస్ బృందాలలో వాయించి, 1969లో అమెరికా చేరి, జాజ్ దిగ్గజం మైల్స్ డేవిస్ రికార్డులలో పాలుపంచుకొన్నాడు. అతడు 1971లో స్థాపించిన మహావిష్ణు ఆర్కెస్ట్రా రాక్ సంగీతపు హోరును, జాజ్ మనోధర్మాన్ని ఒకచోట చేర్చింది. పాశ్చాత్య శ్రోతకు అలవాటైన నాలుగు మాత్రల నడకను విడిచి ఏడు, తొమ్మిది, పద్దెనిమిది మాత్రల లయలలో ఆ బృందం విహరించేది. తాళమంటే తెలిసిన మన శ్రోతకు ఈ లెక్కలు అంత వింత కావు. వింతగా తోచేది ఆ ధ్వని తీవ్రత. మొదటి బృందం 1973 చివరికే విడిపోయింది. తరువాత కొద్ది కాలానికే, 1970ల మధ్యలో, మెక్‌లాఫ్లిన్ గురువు శిష్యబృందం నుంచి కూడా బయటికి వచ్చాడు. అయినా భారతీయ సంగీతం మీద పుట్టిన ఆసక్తి అతనిని విడువలేదు.

ఆ రోజులలో భారతీయ వాద్యాలను చేపట్టిన రాక్ సంగీతజ్ఞులు పలువురు ఉన్నారు. బీటిల్స్ బృందంలోని జార్జి హారిసన్ పండిట్ రవిశంకర్‌కు శిష్యుడై సితారు నేర్చిన సంగతి లోకవిదితం. భారతదేశంలో సైతం నగర యువకులు గిటార్లు పట్టి బృందాలు కట్టారు. సిమ్లా అనే సిగరెట్ల పేర జరిగిన పోటీలలో పాల్గొన్న బృందాల పాటలు 1970, 1971 సంవత్సరాలలో రికార్డులుగా వచ్చాయి. ఎన్నో ఏళ్లు మరుగున పడి ఉన్న ఆ రికార్డులను తరువాతి తరంలో విదేశీ సేకర్తలు వెదకి తిరిగి ప్రచురించారు. అది స్వాగతించదగినదే. అయితే పశ్చిమాన సితారు పలువురికి అలంకారంగా మిగిలింది. ఇక్కడి యువబృందాలకు ఇంగ్లీషు పాట నమూనాగా మిగిలింది. ఒక సంప్రదాయం నుంచి మరొక సంప్రదాయానికి పోయేటపుడు ఎదురయ్యే అసలు చిక్కును పట్టించుకొన్నవారు తక్కువ. ఆ చిక్కు పేరు గమకం.

మెక్‌లాఫ్లిన్ దానితో ముఖాముఖి తలపడ్డాడు. అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో కర్ణాటక సంగీత విద్వాంసుడు డాక్టర్ ఎస్. రామనాథన్ వద్ద వీణ అభ్యసించాడు. వీణలో మైనం మీద నిలిపిన మెట్లు ఎత్తుగా ఉంటాయి. ఒకే మెట్టు మీద తీగను పక్కకు లాగి రెండు మూడు స్వరస్థానాలను అవిచ్ఛిన్నంగా పలికించవచ్చును. గిటారు మెట్లు పొట్టివి. వేలు తీగను అదిమినప్పుడు అడుగున ఉన్న కొయ్యకు తగిలి ఆగిపోతుంది. కనుక అతడు గిబ్సన్ సంస్థ చేత ప్రత్యేకంగా ఒక గిటారు చేయించుకొన్నాడు. అందులో మెట్టుకూ మెట్టుకూ నడుమ కొయ్యను గుంటగా తొలిచారు. తీగ కింద వేలికి చోటు దొరికింది. ప్రధాన తీగల కింద ఏటవాలుగా ఏడు అనునాద తంత్రులను అమర్చారు. సితారు, సారంగి మొదలైన వాద్యాలలో వలె ఇవి మీటకుండానే మ్రోగుతాయి. విద్యుద్ధ్వనితో చెవులు గింగురుమనిపించిన వ్యక్తి, విద్యుత్తు లేని ఈ గిటారు పట్టి నేల మీద బాసినపట్టు వేసుకొని కూర్చున్నాడు.

అదే శక్తి బృందం. వయొలిన్‌పై ఎల్. శంకర్, తబలాపై జాకీర్ హుస్సేన్, ఘటంపై టి.హెచ్. వినాయకరామ్. ఉత్తర దక్షిణ సంప్రదాయాల లయవాద్యాలు ఒకే వేదికపై సమాన స్థాయిలో నిలవడం ఆనాడు అరుదైన విషయం. 1975 జూలైలో అమెరికాలోని లాంగ్ ఐలాండ్‌లో జరిగిన కచేరీ మొదటి రికార్డుగా మరుసటి సంవత్సరం వచ్చింది. తరువాత మరి రెండు వచ్చాయి. మహావిష్ణు ఆర్కెస్ట్రా అభిమానులలో చాలామంది ఈ మార్పును ఆమోదించలేదు. రికార్డు సంస్థకు ఆశించిన విక్రయం లేదు. 1978 నాటికి బృందం ఆగిపోయింది. శ్రోతల అభిరుచి కళాకారుని వెనుక ఇరవై ఏళ్ల దూరంలో నడుస్తున్నదని అనడానికి ఇంతకంటె నిదర్శనం దొరకదు.

సరిగా ఆ సంవత్సరాలలోనే ఈ ఊసేమీ తెలియని ఒక బాలుడు గోదావరి డెల్టాలో అదే చిక్కును వేరొక వైపు నుంచి విప్పుతున్నాడు. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతానికి చెందిన తెలుగు నేల యానాం గౌతమీ తీరాన ఉన్నది. అదే డెల్టాలో, వశిష్ఠ గోదావరికి పడమటి వైపున పాలకొల్లు. ఒకప్పుడు డచ్చివారి వర్తకశాల ఉండిన ఊరు అది. అక్కడ 1969 ఫిబ్రవరి 28న ఉప్పలపు శ్రీనివాస్ జన్మించాడు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాద్యకారుడు. ఇంట్లో ఉన్న మాండొలిన్ ఆరేళ్ల బాలుని చేతికి చిక్కింది. వాసూరావు అనే గిటారు వాద్యకారుడు బాలునికి పాశ్చాత్య సంగీతంలో తొలి పరిచయం కల్పించారు. కర్ణాటక సంగీతం నేర్పినది చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడైన రుద్రరాజు సుబ్బరాజు.

ఇక్కడ ఆగి ఆలోచించవలసిన అంశం ఒకటున్నది. సుబ్బరాజుకు మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు; బాలుడు ఆ పాటను తీగ మీద పలికించేవాడు. గురువు వేళ్ల పోకడ చూసి అనుకరించే అవకాశం లేకపోవడం లోపమే అయినా, అదే వరమైంది. గాత్రంలోని జారును, కంపితాన్ని తన వాద్యం ఎందుకు పలకకూడదని బాలుడు ప్రతి సంగతి వద్దా వెదకవలసి వచ్చింది. ఇటలీలో పుట్టిన మాండొలిన్‌కు నాలుగు జంట తీగలు. మీటిన నాదం వెంటనే అణగిపోతుంది. జంట తీగలను సమానంగా జార్చడం కష్టం. తెలుగువారికి అప్పటికి అది సినిమా పాటల వాద్యబృందాలలో వినిపించే చిలిపి వాద్యంగా మాత్రమే పరిచయం. శ్రీనివాస్ జంట తీగలను తొలగించి ఐదు ఒంటి తీగలు పెట్టించుకొన్నాడు. బోలు పెట్టె గల వాద్యాన్ని విడిచి విద్యున్మాండొలిన్ చేపట్టాడు. విద్యుత్తు వల్ల నాదానికి నిడివి వచ్చింది. నిడివి రావడంతో గమకానికి ఆధారం దొరికింది.

ఈ రెండు ప్రయాణాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విచిత్రం గోచరిస్తుంది. రాక్ విద్వాంసుడు గమకం కోసం విద్యుత్తును వదిలాడు. తెలుగు బాలుడు గమకం కోసమే విద్యుత్తును స్వీకరించాడు. సమ్మేళన సంగీతమనే మాటను నేడు చాలా చవకగా వాడుతున్నారు. రెండు వాద్యాలను ఒక వేదిక మీద కూర్చోబెట్టినంత మాత్రాన సమ్మేళనం కాదు. ఇరువైపులా ఒకే సమస్యతో కుస్తీ పట్టినవారు ఉన్నప్పుడే దానికి అర్థం ఉంటుంది.

శ్రీనివాస్ 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాలలో తొలి కచేరీ చేశాడు. కుటుంబం మద్రాసు చేరిన తరువాత 1981 డిసెంబరులో అక్కడి సభా వేదిక ఎక్కాడు. పన్నెండేళ్ల బాలుడు కరెంటు వాద్యంతో కీర్తనలు వాయించడమేమిటన్న సందేహం పెద్దలకు కలిగిందంటే ఆశ్చర్యం లేదు. ఆ సందేహానికి చరిత్రలో సమాధానం లేకపోలేదు. ముత్తుస్వామి దీక్షితుల సోదరుడు బాలుస్వామి దీక్షితులు ఐరోపా వాద్యకారుల వద్ద వయొలిన్ నేర్చి దానిని మన సంగీతానికి తెచ్చింది పందొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో. అది పరాయి వాద్యమని నేడు ఎవరికీ స్ఫురించదు. ద్వారం వెంకటస్వామి నాయుడు వంటి మహనీయుల చేతిలో అది తెలుగువారి సొంతమైపోయింది. వయొలిన్‌కు శతాబ్దం పట్టిన ప్రయాణాన్ని మాండొలిన్ ఒక్క దశాబ్దంలో పూర్తి చేసింది. 1983లో పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవంలో ఆ బాలుని కచేరీ సంచలనం కలిగించింది. జాజ్ వినడానికి వచ్చినవారు రాగాలాపన విని కదలకుండా కూర్చున్నారు.

తరువాతి ఘట్టంలో పాత రాక్ తరం తానే ఇటు తిరిగి వచ్చింది. జెనెసిస్ బృందం మాజీ గాయకుడు పీటర్ గేబ్రియల్ నెలకొల్పిన రియల్ వరల్డ్ సంస్థ 1995లో కెనడా గిటారు వాద్యకారుడు మైకేల్ బ్రూక్‌తో శ్రీనివాస్ చేసిన రికార్డును విడుదల చేసింది. 1997లో మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్ తమ పాత బృందాన్ని ‘శక్తిని స్మరించండి’ అనే అర్థం వచ్చే కొత్త పేరుతో పునరుద్ధరించారు. తొలుత హరిప్రసాద్ చౌరాసియా వేణువు వాయించగా, కొద్దికాలానికే ఆ స్థానంలోకి శ్రీనివాస్ వచ్చారు. వినాయకరామ్ కుమారుడు సెల్వగణేశ్ కంజిర, ఘటం, మృదంగం చేపట్టాడు. అప్పటికి మెక్‌లాఫ్లిన్ తిరిగి విద్యుద్గిటారు పట్టాడు. ఆ విధంగా ఒకే వేదిక మీద రెండు విద్యుత్ తంత్రీవాద్యాలు, యాభై ఏడేళ్ల విద్వాంసుడు, ముప్పై ఏళ్ల విద్వాంసుడు. 2000 డిసెంబరులో బొంబాయిలో జరిగిన కచేరీలను రికార్డు చేసి మరుసటి సంవత్సరం విడుదల చేశారు. శంకర్ మహదేవన్ గానం వాటితోనే బృందానికి జతపడింది.

పాత రికార్డులకు రెండవ జీవితం ఇలాగే కలిగింది. శ్రీనివాస్ పేరు చూసి కొత్త రికార్డు కొన్న ఆంధ్ర శ్రోత, అందులోని గిటారు ఎవరిదని విచారిస్తే 1976 నాటి శక్తి దగ్గరకు, అక్కడి నుంచి 1971 నాటి మహావిష్ణు ఆర్కెస్ట్రా దగ్గరకు చేరగలడు. గిటారు కోసం వచ్చిన పాశ్చాత్య శ్రోత మాండొలిన్ వెంట నడిచి త్యాగరాజ కీర్తన దగ్గరకు చేరగలడు. సాంటానాకు సైతం 1999లో ‘సూపర్‌నాచురల్’ రికార్డుతో కొత్త తరం శ్రోతలు లభించారు; అయితే అది యువ గాయకులతో కలిసి సాధించిన విజయం, దాని దారి వేరు. మెక్‌లాఫ్లిన్ విషయంలో దారి చూపినది పాలకొల్లు.

ఈ చరిత్రను రాసే తీరులో మాత్రం ఇరువైపులా లోపమున్నది. విదేశీ గ్రంథకర్తలు శ్రీనివాస్‌ను మెక్‌లాఫ్లిన్ సహవాద్యకారులలో ఒకరిగా పేర్కొని ముగిస్తారు. మన జీవితచరిత్రలు శక్తి బృందాన్ని ఆయన విదేశీ పర్యటనల పట్టికలో ఒక పంక్తిగా చేరుస్తాయి. పుదుచ్చేరి పాత్రను రెండు పక్షాలూ స్మరించవు. సుబ్బరాజు పేరు వినని వారు సంగీత రసికులలో సైతం కోకొల్లలు. గిటారును తొలిచిన శిల్పి అబ్రహాం వెక్టర్ పేరు గిటారు ప్రియులకు కంఠస్థం. వాద్యం రాకపోయినా గొంతుతోనే మాండొలిన్‌ను తీర్చిదిద్దిన గురువు పేరు అంతకంటె ఎక్కువగా నిలవవలసినది.

శ్రీనివాస్‌కు 1998లో పద్మశ్రీ పురస్కారం లభించింది. 2014 సెప్టెంబరు 19న, నలభై అయిదవ ఏట, చెన్నైలో ఆయన కన్నుమూశారు. తమ్ముడు రాజేశ్ అదే వాద్యంలో ప్రవీణుడు. 2008లో వచ్చిన మెక్‌లాఫ్లిన్ రికార్డు ఒకదానిలో ఆయన మాండొలిన్ కూడా ఉన్నది. శక్తి బృందం యాభై ఏళ్ల సందర్భంగా 2023లో మరొక రికార్డు వెలువరించగా, 2024 ఫిబ్రవరిలో దానికి గ్రామీ పురస్కారం వచ్చింది. అదే సంవత్సరం డిసెంబరులో జాకీర్ హుస్సేన్ కీర్తిశేషులయ్యారు. ఆ రికార్డులో తీగవాద్యాలు రెండు: మెక్‌లాఫ్లిన్ గిటారు, గణేశ్ రాజగోపాలన్ వయొలిన్. మాండొలిన్ స్థానంలో మాండొలిన్ లేదు.