పట్నంల మ్యాచ్ ఉన్ననాడు

నల్లగొండ ఎన్జీ కాలేజీ మైదానంలో పొద్దున నడక కోసం వచ్చేవాళ్లు, మాపటికి వాలీబాల్, క్రికెట్ ఆడేవాళ్లు కనిపిస్తారు. ఎన్నికలొస్తే అదే మైదానంలో సభలు. మహబూబ్‌నగర్ స్టేడియం సంగతీ ఇంచుమించు ఇంతే. ఊళ్లలోకి పోతే కబడ్డీదే రాజ్యం. దేశస్థాయి లీగులో ఆడే ఫుట్‌బాల్ క్లబ్బు ఈ రెండు జిల్లాల్లో ఏనాడూ లేదు. అయినా ఇక్కడ ఫుట్‌బాల్ అభిమానులున్నారు, ఒక తరం నుంచి ఇంకో తరానికి ఆ పిచ్చి అందుతూనే ఉంది. వాళ్ల ఆట పట్నంలో, అంటే హైదరాబాద్‌లో జరుగుతుంది. అందుకే వాళ్ల జ్ఞాపకాల్లో సగం గోల్స్‌వైతే, సగం బస్సులవీ రైళ్లవీ.

పాతతరంతో మొదలుపెడితే ముందు గుర్తు చేసుకోవాల్సింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది ఆ జట్టు. 1950లోనే మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పూ తెచ్చుకుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ అప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలోని జిల్లాలు. కాబట్టి పేపర్లో 'హైదరాబాద్ గెలుపు' అని పడితే అది ఇక్కడివాళ్లకు సొంత జట్టు గెలుపే. 1957-58లో రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌లోనే జరిగింది. ఆతిథ్య జట్టే ఫైనల్లో బొంబాయిని ఓడించింది. అంతకుముందు ఏడాది తిరువనంతపురంలో కూడా బొంబాయిని కొట్టి కప్పు తెచ్చింది హైదరాబాద్ జట్టే.

ఈ గెలుపుల వెనకున్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూల్లోనూ పాఠాలు చెప్పిన వ్యక్తి. పిల్లలకు రెండు కాళ్లూ బలపడాలని బలహీనమైన కాలితోనే బంతి తన్నే పోటీలు, పాసులు అలవడాలని డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు పెట్టేవాడు. అట్లా తయారైన ఆటను భారత జట్టుకూ నేర్పాడు. 1951 ఢిల్లీ ఏషియాడ్‌లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో మళ్లీ స్వర్ణం. జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన నాటికే ఆయనకు క్యాన్సర్. 1963 జూన్‌లో కన్నుమూశాడు. అమ్ముగూడలో పెరిగిన తులసీదాస్ బలరాం, యూసుఫ్ ఖాన్, హైదరాబాద్‌లో పుట్టిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ ఆ జకార్తా జట్టులోని మనవాళ్లు.

పట్నంలో మ్యాచ్‌లు జరిగే ఫతేమైదాన్‌కు చేరడం రెండు జిల్లాలకూ ఒక్క తీరుగా ఉండేది కాదు. నిజాం కాలంలోనే మీటర్‌గేజ్ రైలు వచ్చిన పాలమూరు (మహబూబ్‌నగర్) వాళ్లు కాచిగూడ స్టేషన్‌లో దిగేవాళ్లు, రహీం పాఠాలు చెప్పిన పేటలోనే అన్నమాట. నల్లగొండ పట్టణానికి బీబీనగర్ - నడికుడి రైలుమార్గం 1980ల చివరగ్గానీ రాలేదు. అంతదాకా వాళ్లకు బస్సే దిక్కు. గౌలిగూడలో మిసిసిపీ నుంచి తెచ్చిన ఇనుప రేకుల పెద్ద షెడ్డు కింద దిగి, కోఠి, ఆబిడ్స్ మీదుగా మైదానం దాకా నడక. 2018లో ఆ షెడ్డు కూలిపోయినప్పుడు, పట్నం పోవడమంటే గౌలిగూడలో దిగడమే అనుకున్న రెండు మూడు తరాలు బాధపడ్డాయి.

తరవాత ఆట పలచబడింది. మంచి ఆటగాళ్లు కలకత్తా క్లబ్బులకు పోయారు. బలరాం ఈస్ట్ బెంగాల్‌కు పోయాడు, హబీబ్, నయీముద్దీన్ కూడా అక్కడే పేరు తెచ్చుకున్నారు. 1977లో పెలే కాస్మోస్ జట్టుతో కలకత్తా వస్తే మోహన్ బగాన్ 2-2తో నిలబడింది. ఆ రెండు గోల్స్‌లో ఒకటి మన హబీబ్‌ది. హైదరాబాద్ వాడి ఆట చూడాలంటే హైదరాబాద్ వాడే కలకత్తా పోవాల్సిన రోజులవి. పాలమూరు, నల్లగొండ వాళ్లకు ఇక చెప్పేదేముంది!

2008లో ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్పు హైదరాబాద్‌కు వచ్చింది. వానలతో మైదానం చిత్తడైంది. సెమీఫైనల్లో మయన్మార్ మీద సునీల్ ఛెత్రి ఆట చివర్లో కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో భారత్ గట్టెక్కింది. మైదానం పాడైందని ఫైనల్‌ను ఢిల్లీకి మార్చారు. అక్కడ తజికిస్తాన్ మీద ఛెత్రి హ్యాట్రిక్ కొట్టాడు, 4-1. ఆ గెలుపే భారత్‌ను 2011 ఆసియా కప్పుకు తీసుకుపోయింది. మన వాన లేకుంటే ఆ హ్యాట్రిక్ ఇక్కడే చూసేవాళ్లమన్న దిగులు చాలామందికి ఇంకా పోలేదు. ఆ దిగులు న్యాయమైనదే.

ఇక 2019. హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టిన ఏడాది. గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో తొలి మ్యాచ్ నవంబర్ 2న, కేరళ బ్లాస్టర్స్ మీద. అది ఆర్టీసీ సమ్మె కాలం. అక్టోబర్ 5న మొదలైన సమ్మె నవంబర్ 25 దాకా నడిచింది. డిపోల ముందు కార్మికులు, రోడ్ల మీద అరకొర బస్సులు. రాత్రి మ్యాచ్ చూసి తిరిగి ఊరు చేరేదెట్లా అన్న బెంగ. పాలమూరు వాళ్లకు రైలుంది, లేదంటే నలుగురు కలిసి కారు మాట్లాడుకోవాలి. నల్లగొండ వాళ్లు ఎల్బీనగర్ దాకా చేరితే చాలు, అక్కడ మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి హైటెక్ సిటీలో దిగొచ్చు. రాయదుర్గం స్టేషన్ అప్పటికింకా తెరుచుకోలేదు, ఆ నెలాఖరున తెరిచారు.

అంత తిప్పలుపడి చేరాక కొత్త జట్టు ఏం చేస్తుందోనన్న గుబులు ఇంకోటి. అప్పటికే లీగు తొలి మ్యాచ్‌లో కలకత్తాలో ఏటీకే చేతిలో 5-0, తరవాత జంషెడ్‌పూర్‌లోనూ ఓటమే. గచ్చిబౌలిలోనూ ముందు గోల్ కేరళదే, రాహుల్ కేపీ కొట్టాడు. రెండో సగంలో స్టాంకోవిచ్ పెనాల్టీతో స్కోరు సమం. 81వ నిమిషంలో మార్సెలిన్హో ఫ్రీకిక్. బంతి గోడ దాటి వలలో పడగానే స్టేడియం లేచి నిలబడింది. 2-1. క్లబ్బు చరిత్రలో తొలి గెలుపు. ఆ సీజన్ ముగిసేసరికి జట్టు పది పాయింట్లతో అట్టడుగున మిగిలింది. కానీ ఆ రాత్రి గచ్చిబౌలిలో ఉన్నవాళ్లకు పట్టికతో పనిలేదు. హైదరాబాద్‌కు మళ్లీ ఒక జట్టుంది, దాని గెలుపును కళ్లారా చూశారు. అంతే కావాలి.

కరోనా వచ్చి రెండు సీజన్లు గోవాకు పోయాయి. గేట్లు మూసి ఆడారు. స్పెయిన్ కోచ్ మనోలో మార్క్వెజ్ కుర్రాళ్లను నమ్మి జట్టును నిలబెట్టాడు, నైజీరియా స్ట్రైకర్ ఒగ్బెచే 2021-22లో 18 గోల్స్ కొట్టాడు. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్దాలో లీగు ఫైనల్. ఎదురుగా మళ్లీ కేరళే. ప్రేక్షకులను అనుమతించడంతో కేరళ నుంచి జనం తరలివచ్చారు. స్టాండ్లన్నీ పసుపుపచ్చ. అయితే మైదానంలో పసుపు జెర్సీ తొడుక్కున్నది హైదరాబాద్, నలుపు తొడుక్కున్నది కేరళ. టీవీ ముందు కూర్చున్న పాలమూరు, నల్లగొండ అభిమానులకు స్టేడియమంతా తమదే అనిపించింది!

రాహుల్ కేపీయే మళ్లీ ముందు గోల్ కొట్టాడు. 88వ నిమిషం దాకా కప్పు కేరళదే. అప్పుడు సాహిల్ తవోరా దూరం నుంచి గాల్లోనే తన్నిన బంతి నేరుగా వలలోకి. అదనపు సమయంలో తేలలేదు. షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి లెస్కోవిచ్‌ను ఆపాడు. నిషు కుమార్‌ను ఆపితే రిఫరీ మళ్లీ కొట్టమన్నాడు, మళ్లీ ఆపాడు. జీక్సన్‌నూ ఆపాడు. 3-1. ఒకే మనిషిని ఒకే షూటౌట్‌లో రెండుసార్లు ఆపిన కీపర్‌ను చూసిన రాత్రి అది, పిల్లలకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు.

ఛాంపియన్లుగా ఆ అక్టోబర్‌లో గచ్చిబౌలికి తిరిగొచ్చాక పాలమూరు దారి సుఖమైంది. జడ్చర్ల, షాద్‌నగర్, శంషాబాద్ దాటి ఔటర్ రింగురోడ్డు ఎక్కితే పట్నంలోకి పోకుండానే స్టేడియం. నల్లగొండ వాళ్లు మాత్రం నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ దాటి పట్నానికి ఈ కొస నుంచి ఆ కొసకు చేరాల్సిందే. అయినా వచ్చారు. 'దక్కన్ లీజియన్' పేరుతో ఒక్కచోట చేరిన అభిమానుల డప్పుల మధ్య నిలబడి గొంతులు పోగొట్టుకున్నారు. 2023-24లో జట్టు చెదిరిపోయి సీజన్ మొత్తంలో ఒక్క మ్యాచే గెలిచినప్పుడూ కొందరు పోవడం మానలేదు. గెలుపుల్లో వచ్చినవాళ్లకంటే ఆ కొందరి పేర్లే ఈ ప్రాంతపు ఫుట్‌బాల్ చరిత్రలో ముందు రాయాలి.

2024 డిసెంబర్‌లో సంతోష్ ట్రోఫీ ఆఖరి దశ హైదరాబాద్‌కు వచ్చింది. తెలంగాణ జట్టు క్వార్టర్ ఫైనల్ చేరలేదు. డిసెంబర్ 31 రాత్రి గచ్చిబౌలిలో బెంగాల్, కేరళ తలపడ్డాయి. ఇంజురీ టైమ్‌లో రోబి హంస్‌దా గోల్‌తో బెంగాల్‌కు 33వ టైటిల్. 1957-58 విజయాన్ని తండ్రుల నోట విన్నవాళ్లకు అదే కప్పును కళ్లతో చూసే అవకాశం అట్లా దొరికింది.

2025లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది. ఫతేమైదాన్ రోజుల్లో కలకత్తాకు పోయింది ఆటగాళ్లే, ఈసారి జట్టే పోయింది. ఎన్జీ కాలేజీలోనో, మహబూబ్‌నగర్ స్టేడియంలోనో కొలతల ప్రకారం గోల్‌పోస్టులు పాతి, జిల్లా లీగు ఒకటి ఏటా ఆపకుండా నడిపితే చాలని ఇక్కడి అభిమానులు అడుగుతున్నారు. రహీం మొదలుపెట్టింది కూడా బడిపిల్లల పోటీలతోనే.