కదలని చోట కుదరని తాళం

సాల్ట్‌లేక్ సిటీ, యూటా విశ్వవిద్యాలయం. నేల కింద కాంక్రీటు సొరంగంలో ఉన్నారు మీరు. మీ ముందు ఒక ల్యాప్‌టాప్, కాస్త దూరంలో ఇంకొకటి. ఇది పింగ్ పంపుతుంది, అది బదులిస్తుంది. సిగ్నల్ ఎంత బలంగా అందిందో దేనికది రాసుకుంటోంది. బలం బాగా పెరిగితే 1, బాగా తగ్గితే 0, మధ్యలోవి వదిలెయ్యడమే. ఆ వరసే రహస్య తాళంచెవి కావాలి, ఎవరూ ఎవరికీ పంపకుండానే.

తెర చూడండి. గీత ఎగరదు, దిగదు. ఇక్కడ కదిలేది ఏముంది గనక! కనిపించే ఆ కాస్త వణుకు కూడా ఏ వైఫై కార్డుకా కార్డు చేసే రొద. ఈ వైపు 1 పడితే ఆ వైపు 0 పడుతోంది.

ల్యాప్‌టాప్ చేతిలోకి తీసుకుని బయటికి నడవండి. గీత గంతులేస్తుంది. మీ తరంగం తిన్నగా పోవడం లేదు. గోడకో, చెట్టుకో, ఎదురొచ్చే మనిషికో తగిలి పలు దారుల్లో చేరుతోంది. కొన్ని కలిసి బలపడతాయి, కొన్ని ఒకదాన్నొకటి చంపుకుంటాయి. అడుగు వేస్తే ఆ లెక్కంతా మారిపోతుంది. అటు వెళ్లిన దారులే ఇటు వచ్చేవి కూడా కాబట్టి, పింగ్‌కూ బదులుకూ మధ్య ఆలస్యం పెద్దగా లేకపోతే అక్కడి తెర మీదా దాదాపు ఇదే గీత.

పక్కన ఒకడు పొంచి వింటున్నాడనుకోండి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు. అందులో సగం, అంటే నాలుగు వేళ్ల ఎడం దాటితే వాడి గీత వేరు. ఇది పుస్తకాల లెక్క, ప్రతిచోటా ఇంత కచ్చితంగా నడవదు. తరంగాల నుంచే తాళంచెవి తీసే ఈ ఆలోచనను 1995లోనే హెర్షీ, హసన్, యార్లగడ్డ (తెలుగు ఇంటిపేరే!) ఒక పత్రంలో ప్రతిపాదించారు.

రెండు గీతలూ దాదాపు ఒకటే గానీ అచ్చంగా కాదు. అందుకే తేడా వచ్చిన బిట్లను బహిరంగంగానే సరిచూసుకుని, ఆ మాటల్లో బయటికి పొక్కినంత మేరా తాళంచెవిని హ్యాష్‌తో కుదిస్తారు.

ఈ ప్రయోగాలు చేసిన యూటా బృందం 2009లో ఫలితాలు ప్రకటించినప్పుడు నాకు నచ్చింది తాళం కుదరడం కాదు, దాన్ని చెడగొట్టిన తీరు. ల్యాప్‌టాప్‌లు రెండూ కదలకుండా ఉన్న చోటికి రండి. ఒక మనిషి వాటి మధ్య అడ్డంగా నడుస్తున్నాడు, తప్పుకుంటున్నాడు, మళ్లీ అడ్డం వస్తున్నాడు. వచ్చినప్పుడల్లా సిగ్నల్ పడిపోతుంది, తప్పుకోగానే లేస్తుంది. రెండు యంత్రాలూ చక్కగా ఒకే వరస రాసుకుంటాయి: 0, 1, 0, 1. తేడాల్లేవు, సరిచూసుకునే పని కూడా లేదు. ఆ వరస అతనికీ తెలుసు, రాయించింది అతనే కదా.