నలుపు తెలుపుల్లో నక్షత్రయానం: హైదరాబాదు జ్ఞాపకాల్లో ‘స్టార్ ట్రెక్’

4.1 ప్రవేశిక

విద్యార్థులారా! ఇంతవరకు మీరు చదివిన పాఠాలలో శాసనాలు, ఫర్మానాలు, జనాభా లెక్కలు, పత్రికలు చరిత్రకు ఆధారాలుగా ఎలా ఉపయోగపడతాయో చూశారు. ఈ పాఠంలో ఆధారం కొంచెం వేరు. అది ఒక పాత టెలివిజన్ ధారావాహిక, దాన్ని చూసినవారి జ్ఞాపకాలు. దీన్ని చరిత్ర పాఠంలో ఎందుకు చేర్చారని మీకు అనిపించవచ్చు. 1980లలో మన నగరంలోని మధ్యతరగతి ఇళ్ళలో ఆదివారం ఉదయం ఏం జరిగేదో ఏ దఫ్తరులోనూ రాసి ఉండదు. దాన్ని తెలుసుకోవాలంటే మనుషులనే అడగాలి. అడిగినప్పుడు ఎంత జాగ్రత్త అవసరమో నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ఆ సంగతి 4.6లో చెబుతాను.

4.2 పుట్టిన చోట ఆదరణ కరువు

‘స్టార్ ట్రెక్’ మొదటి భాగం అమెరికాలో ఎన్.బి.సి. సంస్థ ద్వారా 1966 సెప్టెంబరు 8న ప్రసారమైంది. దాని రూపకర్త జీన్ రాడెన్‌బెరీ. ఎంటర్‌ప్రైజ్ అనే నౌక, దాని నాయకుడు కిర్క్, మొనదేలిన చెవులు గల స్పాక్, డాక్టరు మెకాయ్, ఇంజనీరు స్కాటీ, సందేశాల విభాగంలో ఉహురా అనే నల్లజాతి స్త్రీ, నౌక నడిపే సులు అనే ఆసియా సంతతివాడు, రెండవ సంవత్సరం వచ్చి చేరిన చెకోవ్ అనే రష్యన్ యువకుడు ఇందులోని ముఖ్య పాత్రలు. ప్రచ్ఛన్న యుద్ధం సాగుతున్న రోజుల్లో అమెరికా బుల్లితెర మీద ఒక రష్యన్‌ను తోటి ఉద్యోగిగా చూపించడం చిన్న విషయం కాదు.

అయినా ప్రేక్షకుల సంఖ్య సంస్థకు చాలలేదు. రెండవ సంవత్సరం చివర నిలిపివేస్తారన్న వార్త రాగానే ట్రింబుల్ దంపతుల చొరవతో అభిమానులు వేలకొద్దీ ఉత్తరాలు రాశారు. సంస్థ తలవంచింది కాని, మూడవ సంవత్సరం దాన్ని శుక్రవారం రాత్రి 10 గంటలకు నెట్టింది. కుర్రకారు ఇంట్లో ఉండని వేళ అది. మొత్తం 79 భాగాలతో 1969 జూన్ 3న ధారావాహిక ముగిసింది. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టింది ఆ తరువాత ఏడు వారాలకు.

దాని అసలు జీవితం మొదలైంది ఆగిపోయిన తరువాతే. 1970లలో అమెరికాలోని స్థానిక కేంద్రాలు పాత భాగాలను మళ్ళీ మళ్ళీ ప్రసారం చేశాయి. బడి నుంచి వచ్చిన పిల్లలు సాయంత్రం పూట చూశారు. 1972లో న్యూయార్కులో అభిమానుల సభ జరిగింది. 1976లో అమెరికా అంతరిక్ష సంస్థ తన మొదటి షటిల్‌కు అభిమానుల ఉత్తరాల ఒత్తిడి వల్ల ఎంటర్‌ప్రైజ్ అనే పేరు పెట్టింది. అంటే దీనికి చిరకాల ఆదరణ తెచ్చింది తొలి ప్రసారం కాదు, పునఃప్రసారం. హైదరాబాదు ప్రేక్షకులు కూడా ఆ ఆలస్యపు ప్రేక్షకుల వరుసలోనివారే, మరికాస్త వెనుక.

4.3 హైదరాబాదుకు టెలివిజన్ వచ్చిన దారి

మన దేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మొదలైనా, చాలాకాలం అది ఆ నగరానికే పరిమితమైంది. మన ప్రాంతపు కథ వింతగా పల్లెల నుంచి మొదలవుతుంది. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు సాగిన ‘సైట్’ ప్రయోగంలో అమెరికా ఉపగ్రహం సహాయంతో ఆరు రాష్ట్రాలలోని సుమారు 2400 గ్రామాలకు కార్యక్రమాలు అందాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పంచాయతీ ఆఫీసు ముందు, బడి వరండాలో ఊరంతా కూర్చుని చూసింది. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం 1977లో వచ్చింది. అంటే కొన్ని గ్రామాల రైతులు రాజధాని నగరంలోని గుమాస్తాల కంటే ముందే టెలివిజన్ చూశారు. వాటి ముందు కూర్చున్న ఆ రైతుల జ్ఞాపకాలను శ్రద్ధగా సేకరించినవారు తక్కువ. మీలో ఎవరికైనా పరిశోధన మీద ఆసక్తి ఉంటే అది మంచి అంశం.

నగరంలో అప్పుడు గౌరవం ఉన్న టెలివిజన్ ఇ.సి. టి.వి. దాన్ని తయారు చేసింది అయ్యగారి సాంబశివరావు గారి సారథ్యంలో 1967లో ఇక్కడే నెలకొన్న ఇ.సి.ఐ.ఎల్. చెక్క పెట్టె, నలుపు తెలుపు బొమ్మ. 1982లో రంగుల ప్రసారాలు మొదలైనా రంగుల సెట్టు కొనగలిగిన ఇళ్ళు కొన్నే. 1983లో ఇన్సాట్-1బి ఎగిరాక ప్రసార కేంద్రాలు దేశమంతటా పెరిగాయి. 1984 ఏప్రిల్‌లో రాకేశ్ శర్మ అంతరిక్షం నుంచి ప్రధానమంత్రితో మాట్లాడడాన్ని జనం ఇంట్లో కూర్చుని చూశారు. 1985లో నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానిటోరియం తెరుచుకుంది. ఆ సంవత్సరాలలోనే, 1980ల మధ్యకాలంలో, దూరదర్శన్ ఆదివారం ఉదయాలలో ‘స్టార్ ట్రెక్’ ప్రసారం చేసింది. చంద్రయానానికి ముందు తీసిన భవిష్యత్తును, మన దేశస్థుడు అంతరిక్షానికి వెళ్ళివచ్చిన కాలంలో మనం చూశామన్నమాట.

4.4 అఫ్జల్‌గంజ్‌లో ఒక ఆదివారం

అప్పట్లో నేను పరిశోధక విద్యార్థిని. అఫ్జల్‌గంజ్‌లో ఒక ధాన్యం వ్యాపారి ఇంటి మేడమీద గది అద్దెకు తీసుకున్నాను. ఆ పేట పుట్టుక కూడా ధాన్యంతోనే. ఐదవ నిజాం అఫ్జలుద్దౌలా ధాన్యం వర్తకులకు ఇచ్చిన స్థలంలో వెలిసిన గంజు కాబట్టి ఆ పేరు. నాకు ఆ గది నచ్చడానికి కారణం వేరు. నాలుగడుగులు వేస్తే మూసీ ఒడ్డున రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. 1891లో ఆబిడ్స్‌లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలై 1936లో ఇప్పటి భవనంలోకి మారిన ఆ సంస్థలోనే నా సిద్ధాంత వ్యాసం సగం తయారైంది.

కింద సేఠ్‌గారింట్లో ఇ.సి. టి.వి. ఉండేది. ఆదివారం ఆ హాలు మొహల్లా మొత్తానిదీ. జంబుఖానా పరిచేవారు. మార్వాడీ పిల్లలు, ఎదురింటి ముస్లిం కుటుంబం పిల్లలు, పక్క వాటాలో ఉండే తెలుగు పంతులుగారి తల్లి, నేను. గింజలకు అలవాటుపడిన పావురాలు గంజులో ఎక్కువ. అవి యాంటెన్నా మీద వాలితే బొమ్మ వంకరపోయేది. ఒక కుర్రాడు డాబా మీదికి పరుగెత్తి దాన్ని తిప్పుతూ ‘ఆయా క్యా?’ అని అరిచేవాడు. కింద నుంచి ‘నక్కో, ఔర్ థోడా’ అని జవాబు.

ధారావాహిక ఇంగ్లీషులో. హాలులో అది పూర్తిగా అర్థమయ్యేవారు బహుశా ఇద్దరం. మిగతా పదిహేనుమందీ కథను తమకు తెలిసిన దారిలోనే పట్టుకునేవారు. మనుషులు మెరుపుచుక్కలుగా మారి మాయమై మరో గ్రహం మీద తేలడం చూసి పంతులుగారి తల్లి ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. ‘అంతర్ధానమేగా, నారదుడు రోజూ చేసే పనే’ అంది. గోడమీది తెరలో శత్రు నౌక నాయకుడు ప్రత్యక్షమైతే ‘ఇది మాయాబజార్‌లో ప్రియదర్శిని పెట్టె’ అని తేల్చింది. 1957 నాటి ఆ సినిమా చూసిన తెలుగువారికి దూరాన ఉన్న మనిషిని పెట్టెలో చూడడం కొత్త కాదు కదా! నిజానికి ఆ మాయమయ్యే యంత్రం సౌకర్యం కోసం పుట్టిన కల్పన. ప్రతి వారం నౌకను గ్రహం మీద దింపే దృశ్యం తీయాలంటే డబ్బు చాలక అలా చేశారు.

కానీ ఒక తేడా ఆమె కూడా గమనించింది. నారదుడి అంతర్ధానం ఎప్పుడూ చెడిపోదు. ఎంటర్‌ప్రైజ్‌లో యంత్రం మొరాయిస్తుంది. స్కాటీ చొక్కా చేతులు మడిచి మరమ్మతు చేయాలి, పైనుంచి కిర్క్ తొందరపెడుతుంటాడు. నా అభిప్రాయంలో హైదరాబాదులో ఆ ధారావాహిక నాటుకుపోయింది ఇక్కడే. ఇది బి.హెచ్.ఇ.ఎల్., హెచ్.ఎం.టి., ఐ.డి.పి.ఎల్., ఇ.సి.ఐ.ఎల్. కొలువుదీరిన ఊరు. షిఫ్టు డ్యూటీ, డిస్పెన్సరీ డాక్టరు, అన్ని రాష్ట్రాలనుంచీ వచ్చిన సహోద్యోగులు, కోపిష్టి మేనేజరు. సేఠ్‌గారి హాలుకు అప్పుడప్పుడు వచ్చే ఒక ఫిట్టరు మిత్రుడు స్కాటీని చూసి ‘మా సెక్షన్ ఇన్‌ఛార్జి ఇట్లనే మొత్తుకుంటడు’ అనేవాడు. అమెరికన్ విమర్శకులు ఆ నౌకను యుద్ధనౌకతోనో, పడమటి దిక్కుకు సాగిన బండ్లతోనో పోల్చారు. మా హాలుకు అది ప్రభుత్వరంగ కర్మాగారంలా కనిపించింది.

స్పాక్‌ను పిల్లలు ‘కాన్‌వాలా’ అనేవారు. నవ్వని, కోపగించని, లెక్క తప్పని మనిషి. ఎమ్సెట్ శిక్షణకు పోయే పెద్ద పిల్లలకు అతడే ఆదర్శం. చిన్న పిల్లలకు మాత్రం అదే దశాబ్దంలో దూరదర్శన్ చూపిన జపాను ‘జెయింట్ రోబో’ ఎక్కువ ఇష్టం. ఆ న్యాయం వారిదే.

4.5 రెసిడెన్సీ నీడలో

ఆకర్షణ గురించి చెబుతూ లోపాలు దాచకూడదు. నౌకలో అన్ని జాతులవారూ ఉన్నా ఆజ్ఞ ఇచ్చేది అమెరికన్. స్త్రీల దుస్తులు ఆ కాలపు మగ చూపుకు తగినట్లు ఉంటాయి. భారతదేశం ప్రధానంగా కనిపించేది 1967 నాటి ఒక భాగంలో. అందులోని ఖాన్ నూనియన్ సింగ్ జన్యుమార్పులతో పుట్టిన నియంత. సిక్కు అని సూచించిన ఆ పాత్రను వేసింది మెక్సికో నటుడు రికార్డో మాంటల్‌బాన్. మన దేశపు నటి అంతరిక్షనౌకలో అడుగుపెట్టడం 1979 సినిమాలో. ఒకప్పటి మిస్ ఇండియా పెర్సిస్ ఖంబాటా ఆ పాత్ర కోసం తల గొరిగించుకుంది.

చరిత్ర విద్యార్థులు ప్రత్యేకంగా ఆలోచించవలసినది ‘ప్రథమ నియమం’. అన్య గ్రహాల ఆంతరంగిక వ్యవహారాలలో జోక్యం చేసుకోరాదని నౌకకు కట్టడి ఉంది. అయితే అనేక కథలలో కిర్క్ ఏదో ఒక సబబు చూపి జోక్యం చేసుకోనే చేసుకుంటాడు. ఇది వియత్నాం యుద్ధకాలపు అమెరికా మనస్సాక్షి అని పండితులు అంటారు. దాన్ని అర్థం చేసుకోవడానికి మనం అంత దూరం పోనక్కరలేదు. అఫ్జల్‌గంజ్ నుంచి కోఠీకి నడిచి వెళ్ళవచ్చు. అక్కడ బ్రిటిష్ రెసిడెన్సీ భవనం ఉంది. 1798 సైన్య సహకార ఒప్పందం తరువాత నిజాం పేరుకు తన రాజ్యానికి ప్రభువే. ఆచరణలో దివాను ఎవరుండాలన్న విషయంలో కూడా రెసిడెంటు మాట చెల్లేది. ప్రతి జోక్యానికీ ఒక సబబు ఉండేది: అప్పులు, సుపరిపాలన, శాంతిభద్రతలు. ఆ ఫైళ్ళు చదివి సాయంత్రం గదికి చేరే నాకు, ఆదివారం కిర్క్ ఉపన్యాసం ఇస్తుంటే నవ్వు వచ్చేది. అయినా లేచి వెళ్ళిపోలేదు. సామ్రాజ్యం తనకు తాను పెట్టుకున్న నియమాన్ని తానే ఉల్లంఘిస్తూ సంకోచించడం తెర మీద చూపడం అరుదు. కోఠీ దస్తావేజులలో ఆ సంకోచం నాకు అంతగా దొరకలేదు.

4.6 ఎర్ర చొక్కా

ఇక నా పొరపాటు. చాలా సంవత్సరాలు సంప్రదింపు తరగతులలో నేను ఒక ముచ్చట చెప్పేవాణ్ణి. ఎర్ర చొక్కా వేసుకున్న కొత్త సిబ్బంది కిర్క్ వెంట గ్రహం మీద దిగగానే, సేఠ్‌గారి హాలులో పిల్లలం ‘వీడు అయిపోయాడు’ అని పందెం కాసేవాళ్ళమని. ఎర్ర చొక్కాలవాళ్ళు ఎక్కువగా చస్తారన్నది ప్రపంచమంతటా అభిమానుల హాస్యం. విద్యార్థులు నవ్వేవారు. ఒక ఏడు వెనుక బెంచీలో కూర్చున్న, ఆర్టీసీలో పనిచేస్తూ డిగ్రీ చదువుతున్న ఒక విద్యార్థిని లేచి అడిగింది: ‘సార్, ఆ ఇంట్ల రంగుల టీవీ ఉండెనా?’

లేదు. సేఠ్‌గారు రంగుల సెట్టు కొన్నది 1987లో, రామాయణం ప్రసారం మొదలయ్యాకే. నాకు స్పష్టంగా గుర్తు. దానికి పూలమాల వేసి కొబ్బరికాయ కొట్టారు. అంతకుముందు మేం చూసిన చొక్కాలన్నీ బూడిదరంగువే. పసుపు, నీలం, ఎరుపు అన్నీ ఒకటే ఛాయ.

నేను ఊరుకోలేక బేగంబజార్‌లో దుకాణం నడుపుతున్న సేఠ్‌గారి అబ్బాయిని కలిసి, సూచన ఏమీ ఇవ్వకుండా అడిగాను. అతడూ ఎర్ర చొక్కా పందెమే చెప్పాడు! ఇద్దరు ప్రత్యక్ష సాక్షుల మాట కలిసింది, ఆ మాట నిజం కావడానికి వీలులేదు. ఆలోచిస్తే దారి దొరికింది. ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద నేను జేమ్స్ బ్లిష్ రాసిన ‘స్టార్ ట్రెక్’ కథల పుస్తకాలు కొన్నాను. అతనికీ ఇచ్చాను. తరువాత ఇద్దరం రంగుల వీడియో క్యాసెట్లు చూశాం. కలిసినప్పుడల్లా అవే కబుర్లు. ఏళ్ళ తరబడి కలబోసుకున్న జ్ఞాపకం పాత హాలులోకి ఎర్ర రంగు తెచ్చి పులిమింది. పందెం కాసింది నిజమే కావచ్చు. దేన్ని చూసి కాశామో ఇప్పుడు చెప్పలేను.

ఇందులో ఇంకో మెలిక ఉంది. కిర్క్ చొక్కా పసుపు రంగని అమెరికాలో రంగుల్లో చూసినవారు కూడా అంటారు. ఆ బట్ట అసలు ఆకుపచ్చ ఛాయ. దీపాల వెలుగులో, ఫిల్ము మీద బంగారు రంగుగా పడింది.

ఆ విద్యార్థిని ప్రశ్న తరువాత నేను నా పాత మౌఖిక చరిత్ర నోట్సు తిరగేశాను. 1948 నాటి సంఘటనల గురించి వృద్ధులు చెప్పిన కథనాలలో ‘ముగ్గురూ ఒకే మాట చెప్పారు కనుక నమ్మదగినది’ అని అంచున రాసుకున్న చోట్లు ఏడు కనిపించాయి. ఆ ముగ్గురూ ఒకే వాడవారు, ఏళ్ళుగా ఒకే అరుగు మీద కూర్చున్నవారు. అందులో రెండు నేను అప్పటికే ఒక వ్యాసంలో వాడుకున్నాను.

అభ్యాసం

1. మీ ఇంట్లోగాని వీధిలోగాని 1980లలో టెలివిజన్ చూసిన ఇద్దరిని విడివిడిగా కలవండి. ఒకే కార్యక్రమం గురించి అడగండి. సెట్టు ఎవరిది, రంగులదా, ఎవరు ఎక్కడ కూర్చునేవారు అన్నవి తప్పక రాసుకోండి. మీరు ముందుగా జవాబు అందించకండి.

2. అఫ్జల్‌గంజ్ కేంద్ర గ్రంథాలయంలోగాని మీ జిల్లా గ్రంథాలయంలోగాని ఆ సంవత్సరాల దినపత్రికలలో దూరదర్శన్ కార్యక్రమాల పట్టిక చూడండి. వారు చెప్పిన రోజు, వేళ పట్టికతో కలుస్తున్నాయా?

3. కలవని చోట్లను కొట్టివేయకండి. వాటిని వేరే కాగితం మీద రాసి సంప్రదింపు తరగతికి తీసుకురండి.