తానాహ్ ఆయిర్: కాగితం లేనివాళ్ళ దీవి
(నేల–నీరు వ్యాసాలు: 6)



ఇండోనేషియా భాషలో మాతృదేశాన్ని "తానాహ్ ఆయిర్" అంటారు. తానాహ్ అంటే నేల, ఆయిర్ అంటే నీరు. వేల దీవులున్న దేశం కాబట్టి నేలనూ నీటినీ కలిపితేనే దేశమవుతుందని ఆ మాట చెబుతోంది. మాట చాలా బాగుంది. కానీ ఆ నేల ఎవరిది, ఆ నీరు ఎవరిది అని అడిగితే ఆ దేశంలో జనం జైలుకు వెళ్ళాల్సి వచ్చింది. ఈసారి ఆ కథ చెప్పుకుందాం.

జకార్తాకు ఉత్తరాన సముద్రంలో "కెపులావాన్ సెరిబు" ఉంది. అంటే వేయి దీవులు. పేరుకే వెయ్యి, లెక్కపెడితే వందకు కాస్త పైన. వాటిలో పరి ఒకటి. విస్తీర్ణం సుమారు 42 హెక్టార్లు, అంటే మన లెక్కలో నూరెకరాల పైచిలుకు. జనాభా దాదాపు 1,500. చాలా చోట్ల నేల సముద్రానికి ఒకటిన్నర మీటరు ఎత్తుకు మించదు. తరాలుగా వాళ్ళ బతుకు చేపల వేట. దానికి తోడు నిస్సారమైన లోతు తక్కువ నీళ్ళలో తాళ్ళు కట్టి సముద్రపు నాచు పండించేవాళ్ళు. జకార్తా మురికి సముద్రంలో కలిసి నాచు సాగు దెబ్బతిన్నాక, 2010 ప్రాంతం నుంచి పర్యాటకుల మీద ఆధారపడ్డారు. ఇళ్ళలో గదులు అద్దెకిచ్చారు. ముళ్ళపొదలు కొట్టి, చెత్త ఎత్తి, "పసిర్ పెరావాన్" అనే ఇసుక తీరాన్ని జనం వచ్చేలా చేశారు.

ఆ తీరానికి వచ్చేవాళ్ళ దగ్గర తలకు 5,000 రూపయ్యాలు తీసుకునేవాళ్ళు. అప్పటి మారకంలో మన పాతిక రూపాయలు. శుభ్రం చేయడానికీ ఊరి అవసరాలకూ ఆ డబ్బు వాడేవాళ్ళమని ఊరివాళ్ళు చెబుతారు. 2017లో పోలీసులు దీన్ని బలవంతపు వసూలు అన్నారు. ముగ్గురు మత్స్యకారులకు కింది కోర్టు ఆరు నెలల జైలుశిక్ష వేసింది. తాము బాగుచేసిన తీరానికి రుసుం తీసుకోవడం నేరమైంది. ఎందుకంటే ఆ తీరం వాళ్ళదని చెప్పే కాగితం లేదు.

మరి కాగితం ఎవరి దగ్గరుంది? దీవిలో 90 శాతం తనదేనని ఒక కంపెనీ అంటోంది. 2014–15లో జారీ అయిన సర్టిఫికెట్లు చూపిస్తోంది. ఊరివాళ్ళ దగ్గర ఒకప్పుడు "గిరిక్" ఉండేది. అది భూమిశిస్తుకు సంబంధించిన పాత కాగితం. పూర్తి హక్కుపత్రం కాదు గానీ, ఈ నేలను ఫలానావాళ్ళు అనుభవిస్తున్నారు అనడానికి సాక్ష్యం. కొత్తవి ఇస్తామని చెప్పి అధికారులు ఆ గిరిక్‌లు తీసుకెళ్ళారనీ, మళ్ళీ తిరిగి ఇవ్వలేదనీ ఊరివాళ్ళ ఫిర్యాదు. 2018 ఏప్రిల్‌లో ఇండోనేషియా ఆంబుడ్స్‌మన్ ఈ సర్టిఫికెట్ల జారీలో అధికారులు నిబంధనలు తప్పారని తేల్చింది. అంత పెద్ద సంస్థ తేల్చాక కూడా దీవి ఊరివాళ్ళ చేతికి రాలేదు.

ఇదంతా ఒక కంపెనీ దురాశ అనుకుంటే పొరపాటు. దీని వెనక నూటయాభై ఏళ్ళు దాటిన ఒక వాక్యం ఉంది.

మచిలీపట్నంలో వలందపాలెం అనే పేట ఉంది. వలందా అంటే హాలండు. 17వ శతాబ్దం మొదట్లో డచ్చి కంపెనీ మన తీరంలో బట్ట కొని ఆగ్నేయాసియా దీవుల్లో అమ్మింది. 1619లో అదే కంపెనీ ఇవాళ జకార్తా ఉన్నచోట బటావియా నగరం కట్టింది. ఆ కంపెనీ పోయాక డచ్చి ప్రభుత్వం వచ్చింది. ఆ ప్రభుత్వం 1870లో జావాకు ఒక భూచట్టం చేసి, దాని కింద ఒక ప్రకటన చేర్చింది. సారాంశం ఇదీ: ఏ భూమి మీదైనా ఎవరూ తమ యాజమాన్యాన్ని రుజువు చేసుకోలేకపోతే ఆ భూమి ప్రభుత్వానిది. "డొమైన్ ప్రకటన" అని దానికి పేరు. రుజువు అంటే యూరోపియన్ చట్టం ఒప్పుకునే రుజువు. తాత నాటిన కొబ్బరిచెట్టు రుజువు కాదు, అమ్మమ్మ సమాధి రుజువు కాదు. రుజువు చేసే భారం ఉన్నవాడి మీద పడింది. ప్రభుత్వం దేన్నీ రుజువు చేయనక్కర్లేదు. ఆ ప్రకటనతో వచ్చిన భూముల్ని తోటల కంపెనీలకు దీర్ఘకాలం కౌలుకిచ్చారు. లైడెన్ విశ్వవిద్యాలయంలో సంప్రదాయ చట్టాలు చదివిన వాన్ వోలెన్‌హోవెన్ అనే డచ్చి పండితుడే 1919లో దీన్ని తప్పుపడుతూ పుస్తకం రాశాడు.

స్వాతంత్ర్యం వచ్చాక, 1960 సెప్టెంబర్ 24న, ఇండోనేషియా కొత్త భూచట్టం తెచ్చింది. డొమైన్ ప్రకటనను రద్దు చేసింది. భూమికి సామాజిక ప్రయోజనం ఉండాలంది. ఊరి ఉమ్మడి సంప్రదాయ హక్కులను గుర్తించింది. అయితే జాతీయ ప్రయోజనాలకు లోబడి అన్న ఒక షరతు పెట్టింది. ఆ షరతు ఎంత పెద్ద తలుపో తర్వాత తెలిసింది. 1997 నాటి నిబంధనల ప్రకారం ఇరవై ఏళ్ళు నిజాయితీగా భూమిని అనుభవిస్తే దాని ఆధారంగా నమోదు చేయించుకోవచ్చు. చట్టం పుస్తకంలో ఉంది. నమోదు ఆఫీసు నగరంలో ఉంది. ముందుగా అక్కడికి చేరేది ఎవరో మీకు చెప్పక్కర్లేదు.

నేల అయ్యాక నీటి వంతు వచ్చింది. 2007లో తీరప్రాంతాలూ చిన్న దీవుల చట్టం చేసి, సముద్రజలాల మీద కూడా హక్కు ఇవ్వవచ్చన్నారు. ఇరవై ఏళ్ళకు ఇచ్చి పొడిగించవచ్చు, తాకట్టు పెట్టవచ్చు, ఇంకొకరికి బదలాయించవచ్చు. నీళ్ళకు పట్టా అన్నమాట. మత్స్యకారులూ ప్రజాసంఘాలూ కోర్టుకు వెళ్ళారు. 2011 జూన్‌లో రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. భూమీ నీరూ ప్రజల గరిష్ఠ శ్రేయస్సు కోసమని చెప్పే 33వ అధికరణానికి అది విరుద్ధమని చెప్పింది. మంచి తీర్పు. కానీ 2025 జనవరిలో ఏం బయటపడిందో చూడండి. జకార్తా పక్కనే తంగెరాంగ్ తీరంలో, సముద్రంలో, 30 కిలోమీటర్ల పొడవున వెదురు కంచె. మత్స్యకారుల పడవలకు అడ్డం. వెతికితే ఆ ప్రాంతంలో సముద్రం మీదే 263 కట్టడ హక్కు సర్టిఫికెట్లు, 17 యాజమాన్య సర్టిఫికెట్లు జారీ అయి ఉన్నాయి. సంబంధిత మంత్రే ఈ లెక్క చెప్పాడు. గొడవయ్యాక నౌకాదళం వచ్చి కంచె పీకింది. ఒక్కసారి ఆలోచించండి. పదిహేను వందలమంది బతికే పరికి దొరకని కాగితం, మనిషి నిలబడలేని అలలకు దొరికింది.

అంటే కాగితం నిజాన్ని నమోదు చేయడం లేదు. అధికారాన్ని నమోదు చేస్తోంది.

ఆ దేశంలోనే సొంతం అన్న మాటకు పూర్తిగా వేరే అర్థం ఇచ్చే ఊరు కూడా ఉంది. సుంబావా తీరం దగ్గర బుంగిన్ అనే బుల్లి దీవి. బాజో మత్స్యకారులది. ప్రపంచంలో అత్యంత కిక్కిరిసిన దీవుల్లో దాని పేరు చెబుతారు. గడ్డి మొలిచే జాగా లేక అక్కడి మేకలు కాగితాలూ గుడ్డపేలికలూ నములుతాయి. అక్కడ పెళ్ళిచేసుకునే కుర్రాడు ముందు ఇంటికి నేల తయారుచేసుకోవాలి. పడవలో వెళ్ళి చచ్చిన పగడపు రాళ్ళు ఏరుకొచ్చి, సముద్రంలో పోసి, గట్టు కట్టి, దాని మీద ఇల్లు వేసుకోవాలి. దీవి అలా పెరుగుతూ వచ్చింది. అక్కడ భూమి వారసత్వంగా వచ్చిన కులగౌరవం కాదు, చెమట గడ్డకట్టిన ముద్ద.

దీన్ని ఆదర్శగ్రామం చేసి చూపించడం నా ఉద్దేశం కాదు. పల్లెల్ని పొగడవద్దని 1948లో రాజ్యాంగసభలో బాబాసాహెబ్ మనకు చెప్పి ఉన్నారు. పగడాలు తవ్వితే చేపల గూడే పోతుంది. చేపల పల్లెల్లో పడవ యజమానీ ఉంటాడు, అప్పుకు కట్టుబడిన కూలీ ఉంటాడు. సముద్రం మీద తిరిగే బాజోలను ఒడ్డునున్నవాళ్ళు తరాలుగా తక్కువ చేసే చూశారు. నేనడిగేది ఒక్కటే. చేతులతో చేసిన నేల మీద హక్కు లేదని, చూడని నీళ్ళ మీద హక్కు ఉందని చెప్పే చట్టాన్ని న్యాయం అని ఎలా పిలవాలి?

ఇక్కడ మన భాషలోని ఒక మాట గురించి చెప్పాలి. పోరంబోకు. రెవెన్యూ లెక్కల్లో శిస్తు పడని, ఎవరికీ పట్టాలేని భూమి. తమిళం నుంచి వచ్చిన మాట, 'బయటిది' అన్న అర్థం అందులో ఉంది. చెరువుగట్టు, శ్మశానం, మేతబీడు, మన పేటలెన్నో ఆ ఖాతాలోనే ఉన్నాయి. తర్వాత తర్వాత అదే మాట మనిషిని తిట్టడానికి పనికొచ్చింది. భూమికి పెట్టిన పేరు ఆ భూమి మీదున్నవాడికి తిట్టయింది. ఇండోనేషియాలో కూడా అంతే. "లియార్" అంటే అడవి, మచ్చిక కానిది. అనుమతి లేని కట్టడాన్ని, కాగితం లేని నివాసిని అదే మాటతో పిలుస్తారు. రెండు దేశాలూ కాగితం లేనివాణ్ణి ముందు మాటతోనే ఖాళీ చేయిస్తాయి. ఆ తర్వాతే పోలీసులు వస్తారు.

ఇక ఆఖరి విషయం. పరి దీవి ఇప్పుడు మునిగిపోతోంది. పోటు సమయంలో ఉప్పునీళ్ళు ఇళ్ళలోకి, బావుల్లోకి వస్తున్నాయి. 2022లో ఆ ఊరి నలుగురు స్విట్జర్లాండ్‌లోని జుగ్ పట్టణంలో హోల్సిమ్ అనే సిమెంటు కంపెనీ మీద రాజీ ప్రక్రియ మొదలుపెట్టారు. అది కుదరక 2023లో దావా వేశారు. భూమిని వేడెక్కించిన బొగ్గుపులుసు వాయువులో ఆ కంపెనీ వాటా 0.42 శాతమన్న లెక్క వాళ్ళ ఆధారం. తలకు సుమారు 3,600 ఫ్రాంకుల పరిహారమూ, 2030 నాటికి ఉద్గారాల్లో 43 శాతం కోతా అడిగారు. పెద్ద మొత్తం కాదు. అడిగింది ఎవరు అన్నదే పెద్ద విషయం.

సొంత దేశంలో ఆక్రమణదారులు అనిపించుకున్న ఊరివాళ్ళు పరాయి దేశపు కోర్టుకెళ్ళి "మా ఇల్లు, మా నేల, మా సముద్రం" అన్నారు. నేల మునిగేటప్పుడు మాత్రం అది వాళ్ళదే. నష్టం వచ్చినప్పుడు యజమానులు, లాభం వచ్చినప్పుడు ఆక్రమణదారులు. ఇది మనకు కొత్త సంగతి కాదు. వరదొచ్చిన రోజు మన పేట మనదే, రోడ్డు పడే రోజు అది ప్రభుత్వ స్థలం.

పరి ఆడవాళ్ళు తీరం కోత ఆపడానికి మడ మొక్కలు నాటుతున్నారు. ఆ నేల తమదని ఏ కాగితమూ చెప్పకపోయినా నాటుతున్నారు. మీ ఊళ్ళో మీ పేట ఏ ఖాతాలో ఉందో, మీ తాతలకిచ్చిన డి-ఫారం పట్టా ఎవరి బీరువాలో ఉందో ఈ వారం కనుక్కోండి. వచ్చే భాగంలో మన అసైన్డ్ భూముల 1977 చట్టం గురించి మాట్లాడుకుందాం.

జై భీమ్.