మెస్: కంచంలోంచి గందరగోళంలోకి

హాస్టల్లో చదివినవాళ్లకు మెస్ అనగానే స్టీలు కంచం, పొడుగు గరిటె, పల్చటి సాంబారు, నెలాఖరు మెస్ బిల్లు గుర్తొస్తాయి. ఇంగ్లిష్‌వాళ్లకు మాత్రం ముందు తోచేది చిందరవందరగా పడున్న గది. రెండూ ఒకే మాట.

పంపడం, పెట్టడం అనే అర్థమున్న లాటిన్ క్రియలోంచి పాత ఫ్రెంచిలో ఈ మాట పుట్టింది. బల్లమీదకు పంపిన వంటకమని అర్థం. సుమారు 1300 నాటికి ఇంగ్లిష్‌లో చేరింది. తర్వాత కలిసి తినే జట్టుకూ అదే పేరైంది. మన మెస్ ఈ తోవనే, సైనికుల భోజనశాలల మీదుగా వచ్చింది. ఇంకో తోవలో, పశువులకు కలిపిపెట్టే తిండినీ మెస్ అన్నారు. అందులోంచి కలగలుపు, 19వ శతాబ్దానికి గందరగోళం.

నాకిది వింతగా అనిపించదు. మన కలగాపులగంలోనూ వినిపించేది తిండే. బియ్యం, పెసరపప్పు ఒకే గిన్నెలో ఉడికిస్తే పులగం. మెత్తగా ఉడికాక ఏది మెతుకో, ఏది పప్పో విడదీయలేం. నిజానికి ఎంత మంచి వంట! రాయలసీమలో వేడివేడిగా, వేరుశనగ పచ్చడి నంజుకుని తింటారు. అయినా సర్దిపెట్టిన కాగితాలు కలిసిపోతే, "అంతా కలగాపులగం చేశావు" అనే అంటాం.